సగం వెంట్రుక బిగువు

ఆ షెడ్డులో ఆయన్ని అందరూ వెంట్రుక మేస్త్రి అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని ముందు ఆయన తలకేసి చూస్తారు. అది నున్నగా మెరుస్తూ ఉంటుంది కనుక, ఇదేదో వెక్కిరింపు పేరనుకుని, నవ్వాలో మానాలో తెలియక అవస్థ పడతారు. పేరు వెనకున్న సంగతి వేరు. ఇరవై ఆరో ఏట మొదటిసారి లేతు మిషను ముందు నిలబడ్డ రోజున, చేతికిచ్చిన మైక్రోమీటరు నిజం చెబుతుందో లేదో తేల్చుకుందామని ఆయన తన వెంట్రుక ఒకటి పీకి, దాని దవడల మధ్య పెట్టి చూశాడు. మిల్లీమీటరును నూరు భాగాలు చేస్తే అందులో ఏడు భాగాల లావు తేలింది. ఆ పూట నుంచి ఆయనకి లోకంలోని సన్నకొలతలన్నీ వెంట్రుకల్లోనే. ఇది వెంట్రుక ఎక్కువుంది, అది పావు వెంట్రుక తగ్గింది అంటాడు. ఎవరైనా తల చూసి నవ్వితే, "అప్పట్లో పీకడానికి ఉండేవి లెండి" అని తనే ముందు నవ్వేస్తాడు.

షెడ్డు ఆయన అక్క కొడుకుది. మేనల్లుడు ఆటోమేటిక్ గేరుబాక్సులు విప్పి బాగుచేస్తాడు. విప్పినప్పుడు అరిగిన ముక్క, విరిగిన ముక్క, ఎక్కడా దొరకని ముక్క ఏదైనా ఉంటే అది వెనక భాగంలో కిటికీ పక్కనున్న మేనమామ బల్ల మీదికి వస్తుంది. ఆ బల్ల మీద పచ్చటి ఉన్నిగుడ్డ పరచి ఉంటుంది. గుడ్డ మీద కొలత సామాను వరుసగా ఉంటుంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి మేనల్లుడు తొందరలో మైక్రోమీటరుతో బోల్టు పట్టుకుని తిప్పబోయాడు. మేస్త్రి మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు పలికింది కూడా "తిన్నావా" అని కాదు, "తుడిచి పెట్టావా" అని.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ముప్పై నాలుగేళ్ళుగా బండ్ల ముక్కలతోనే బతుకుతున్న ఆ మనిషికి బండి నడపడం రాదు. లైసెన్సు లేదు, నేర్చుకోవాలన్న ముచ్చటా లేదు. పొద్దున బస్సులో వస్తాడు, సాయంత్రం బస్సులో పోతాడు. ఆయన బాగుచేసిన ముక్కలు ఏ కార్లలోకి వెళ్ళాయో, ఆ కార్లు ఏ దారుల్లో తిరిగాయో ఆయన ఎరగడు. ముక్క బల్ల మీదికి చల్లగా వస్తుంది, బల్ల మీది నుంచి చల్లగా వెళుతుంది. మధ్యలో ఆయన పని.

ఆ పనికి ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. రంధ్రంలో బుష్షు బిగించాలంటే, అంటే అరిగిన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి లోపల కొత్త లోహపు గొట్టాన్ని కూర్చోబెట్టాలంటే, ఆ గొట్టం రంధ్రం కన్నా సగం వెంట్రుక లావుండాలి. అంతకన్నా లావైతే పగులుతుంది, సన్నమైతే ఊడుతుంది. నీళ్ళ పంపులకీ, మోటార్లకీ, ఇనప గేరుబాక్సులకీ ఇదే లెక్క. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు.

నర్సమ్మ కారు వచ్చేదాకా.

నర్సమ్మకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. నడుము దాకా ఇనప పట్టీలు కట్టుకుని, చేతికర్రతో నడుస్తుంది. క్లచ్ తొక్కాల్సిన కారు ఆమె నడపలేదు. అందుకే పదిహేనేళ్ళ నాటి ఆ చిన్న ఆటోమేటిక్ కారును కంటికి రెప్పలా చూసుకుంటుంది. ఆమె పని ఇళ్ళకి వెళ్ళి మంచం పట్టినవాళ్ళ పుండ్లకి కట్టు కట్టడం, మూత్రపు గొట్టాలు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం. రోజుకి ఇరవై ఆరు ఇళ్ళు. అందులో పద్దెనిమిది ఇళ్ళు కొండవాలు మీది సన్న వీధుల్లో, బస్సు ఎక్కని చోట ఉన్నాయి.

మొదటిసారి ఆ కారు పట్టు వదిలేసినప్పుడు మేనల్లుడు గేరుబాక్సు విప్పి తల పట్టుకున్నాడు. లోపలి సామానంతా బాగానే ఉంది. వాటన్నిటినీ మోసే అల్యూమినియం కేసులో, వెనక గోడ దగ్గర, ఒక డ్రమ్ము కూర్చునే గుండ్రటి రంధ్రం అరిగిపోయింది. ఆ రంధ్రం గుండానే నూనె ఒత్తిడితో వెళ్ళి, ఇంజను బలాన్ని చక్రాలకి అందించే పళ్ళేలను కలిపి పట్టుకుంటుంది. రంధ్రం అరిగితే నూనె పక్కలకి కారిపోతుంది, పళ్ళేలు జారతాయి, ఇంజను ఎంత మొత్తుకున్నా కారు కదలదు. కేసు మార్చేద్దామంటే ఆ మోడల్ తయారవడం ఆగిపోయి ఎన్నేళ్ళో అయింది. మేనల్లుడు పాత సామాన్ల దుకాణాలన్నీ కాళ్ళరిగేలా తిరిగి రెండు కేసులు చూశాడు. రెండూ సరిగ్గా అక్కడే అరిగి ఉన్నాయి.

"కేసంతా మార్చడమెందుకురా? చెడింది అరచెయ్యంత మేర" అన్నాడు మేస్త్రి. "గుండీ ఊడితే చొక్కా పారేస్తావా?"

"గుండీ ఊడలేదు మావయ్యా, కాజా చిరిగింది."

"కాజా కుట్టేవాడు లేడా?"

కుట్టాడు. రంధ్రాన్ని సాఫుగా తొలిచి, ఉక్కు బుష్షు సగం వెంట్రుక బిగువుతో దింపాడు. కారు పరుగెత్తింది. వారం రోజులు.

మూడు వారాల తర్వాత ఒక గురువారం పొద్దున నర్సమ్మ కారు షెడ్డు ముందు ఆగింది. కర్ర ముందు దిగింది, తర్వాత ఆమె దిగింది.

"మేస్త్రి గారూ, మీ బుష్షు పొద్దున బాగానే ఉంటుంది. పదిన్నర అయ్యేసరికి దానికి అలసట వస్తుంది" అంది.

"అలసట బుష్షుకి రాదక్కా, డ్రైవరుకొస్తుంది" అన్నాడు మేనల్లుడు, బానెట్టు ఎత్తుతూ.

"నాకొస్తే నేనే కూర్చుంటాను తమ్ముడూ. ఇది నన్ను కూర్చోబెడుతోంది. అదీ ఎక్కుడు మీద. వెనక్కి చూస్తే లోయ, ముందుకి చూస్తే పేషెంటు."

మేనల్లుడు నవ్వాడు కానీ ఆమె నవ్వలేదు. ఆఫీసులో పెద్ద నర్సు సోమవారం దాకా గడువిచ్చిందట. ఈ పదిహేను రోజుల్లో ఆరుసార్లు రౌండు సగంలో ఆగిపోయింది. సోమవారం పెద్ద నర్సు స్వయంగా పక్కన కూర్చుని వస్తుంది. ఆ రోజు ఇరవై ఆరు ఇళ్ళూ పూర్తయితే సరి. లేకపోతే నర్సమ్మ ఇళ్ళని మిగిలినవాళ్ళకి పంచి, ఆమెను రికార్డుల గదికి మారుస్తారు.

"కూర్చుని చేసే పనే కదక్కా, సుఖం" అన్నాడు మేనల్లుడు.

"ఫైళ్ళకి పుండ్లు పడవు కదయ్యా. పంతొమ్మిదేళ్ళుగా ఈ చేతులు చేసిన పనేంటి, అక్కడ చెయ్యబోయేదేంటి?" అంది నర్సమ్మ.

మేనల్లుడు కారెక్కి, ఆ షెడ్డులో ఏ బండికైనా చేసే పరీక్షే దీనికీ చేశాడు. గేటు దగ్గర్నుంచి వంతెన దాకా, మళ్ళీ గేటు దాకా. తొమ్మిది నిమిషాలు. నేరుగా, చదునుగా ఉండే రోడ్డు.

"వెన్నలా పోతోందక్కా! జారడం లేదు, ఏం లేదు."

"వంతెన దగ్గర నాకు పేషెంట్లెవరూ లేరు" అంది నర్సమ్మ.

మేస్త్రి చేతిలో ముక్కను బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గర్నుంచి లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చాడు. "ఇవాళ రౌండుకి వెళతారా అమ్మా?"

"వెళ్ళగలిగినంత దూరం."

"నేనూ వస్తాను."

మేనల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. "మావయ్యా, నువ్వు? కార్లోనా? సీటుబెల్టు పెట్టుకోవడం తెలుసా నీకు?"

"నువ్వు చూపించు. ఆ వేడి చూసే తుపాకీ కూడా ఇవ్వు."

అది తుపాకీ ఆకారంలో ఉండే థర్మామీటరు. దేనికి గురిపెట్టి మీట నొక్కితే దాని వేడి అంకెల్లో కనిపిస్తుంది. మేస్త్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కట్టు బట్టల పెట్టెలకీ మందు సీసాలకీ మధ్య ఒదిగి కూర్చున్నాడు. బెల్టు మేనల్లుడే పెట్టాడు, చంటిపిల్లవాడికి పెట్టినట్టు.

మొదటి ఇల్లు కింది వీధిలో. నర్సమ్మ లోపలికి వెళ్ళి వచ్చేలోపు ఆయన మోకాళ్ళ మీద వంగి కారు కిందికి గురిపెట్టి చూశాడు. నలభై నాలుగు డిగ్రీలు. మూడో ఇంటి దగ్గర యాభై ఎనిమిది. అక్కడ్నుంచి ఎక్కుడు మొదలైంది. ఆ వీధుల్లో కారు సైకిలు కన్నా వేగంగా పోదని ఆయనకి అప్పుడే తెలిసింది. మలుపు మలుపుకీ ఆగాలి. ఎవరో నీళ్ళ బిందె దించుకునేదాకా ఆగాలి. పిల్లలు బంతి ఏరుకునేదాకా ఆగాలి. ఆగిన ప్రతిసారీ వాలు మీద కారు వెనక్కి జారకుండా నర్సమ్మ కుడి కాలితో నేర్పుగా పట్టుకుంటుంది, మళ్ళీ అంగుళం అంగుళం ఎక్కిస్తుంది. బయట గాలి లేదు, కింద గేరుబాక్సుకి తెరిపి లేదు. ఆరో ఇంటి దగ్గర అంకె తొంభై దాటింది.

"ఏమంటోంది మీ తుపాకీ?"

"తొంభై మూడంటోంది."

"జ్వరమేనా?"

"సంధి కొట్టేట్టుంది."

తొమ్మిదో ఇంటికి నూట ఇరవై గజాల కింద అది జరిగింది. ఇంజను గొంతు ఒక్కసారి లేచింది, కారు మాత్రం కదల్లేదు. నర్సమ్మ కంగారు పడలేదు. చేతి బ్రేకు లాగి, సీటు కింద నుంచి చెక్క ఆపు ఒకటి తీసి మేస్త్రి చేతికిచ్చింది. "వెనక చక్రం కింద పెట్టండి. మా ఆయన చేసిచ్చాడు. పెళ్ళిరోజు కానుక."

పక్కింటి అరుగు మీదున్న ముసలాయన అలవాటుగా కుర్చీ తెచ్చి వేశాడు. "మళ్ళీనా నర్సమ్మా? ఈసారి మెకానిక్కుని వెంటేసుకునే తిరుగుతున్నావే!"

"ఆయనే చేశాడు తాతా, ఆయన్నే మోయిస్తున్నా" అంటూ నర్సమ్మ సంచి మేస్త్రికిచ్చి కర్ర తీసుకుంది. కారు చల్లారేదాకా గంట పడుతుంది. పేషెంటు గంట ఆగదు.

ఆమె మెట్టు మెట్టుకీ కాలు ఈడ్చుకుంటూ ఎక్కుతుంటే మేస్త్రి వెనక సంచితో ఎక్కాడు. మంచంలో ఉన్న పెద్దావిడకి నడుము దగ్గర పుండు. నర్సమ్మ కట్టు విప్పి, కాగితపు స్కేలు పెట్టి కొలిచి, "పన్నెండు. పోయిన వారం పద్నాలుగు. బాగుపడుతోంది పెద్దమ్మా" అని పుస్తకంలో రాసింది. మిల్లీమీటర్లలో రాసింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె మొహంలో, పొద్దున షెడ్డులో ఉన్న చిరాకు లేదు, అలుపు లేదు. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఈ చేతిని తీసుకెళ్ళి ఫైళ్ళ దుమ్ములో పెడతారా అనుకున్నాడు.

కిందికి వచ్చాక కారు పక్క మెట్టు మీద కూర్చుని, తుపాకీ ఇంకోసారి గురిపెట్టాడు. నూట పదమూడు. జేబులోంచి పెన్సిలు తీసి, కట్టుబట్ట పొట్లం మీద లెక్క వేశాడు. వేడికి అల్యూమినియం ఎంత ఉబ్బుతుందో, ఉక్కు ఎంత ఉబ్బుతుందో ఆయనకి కంఠతా వచ్చు. బుష్షు దింపేటప్పుడు ఆ లెక్క వేసే కేసును వేడి చేస్తాడు. రంధ్రం వెడల్పవుతుంది, బుష్షు సులువుగా దిగుతుంది, చల్లారాక పట్టేసుకుంటుంది. దింపేటప్పుడు వేసే ఆ లెక్కను, దింపాక వేయాలని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. ఇనప పంపుల్లో ఆ అవసరం రాలేదు. ఇనుమూ ఉక్కూ కలిసి ఉబ్బుతాయి, కలిసి తగ్గుతాయి. అల్యూమినియం అలా కాదు, ఉక్కుకి రెట్టింపు ఉబ్బుతుంది. ఈ వేడికి రంధ్రం బుష్షును వదిలి మిల్లీమీటరులో నూరో వంతులు ఐదు మేర దూరం జరుగుతుంది. ఆయనిచ్చిన బిగువు సగం వెంట్రుక, అంటే మూడున్నర.

పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

"ఏం తేలింది?" అంది నర్సమ్మ.

"తప్పు కారుది కాదమ్మా. నాది. మీ బండి చల్లగా ఉంటే నా లెక్క ఒప్పు. మీరు దాన్ని చల్లగా ఉండనివ్వరు."

"ఒప్పుకున్నారు, సంతోషం. కానీ సోమవారం మీ ఒప్పుకోలు ఎక్కి నేను కొండెక్కలేను కదా."

ఆ రోజు పదిహేడు ఇళ్ళు మిగిలిపోయాయి.

సాయంత్రం మేనల్లుడు గేరుబాక్సు దించాడు, శుక్రవారం విప్పాడు. బుష్షు రంధ్రంలోనే ఉంది కానీ అగ్గిపుల్ల వెడల్పు మేర తిరిగింది. నూనె దారికి ఎదురుగా ఉండాల్సిన చిల్లు కొంచెం పక్కకి ఒరిగింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిరిగి ఉంటే దారి పూర్తిగా మూసుకుపోయేది. కేసును వేడి చేయగానే బుష్షు దానంతటదే జారి గుడ్డలో పడింది. సుత్తి తగిలించే పని కూడా పడలేదు.

మేనల్లుడు దాన్ని చూశాడు, మేనమామను చూశాడు, ఏమీ దెప్పలేదు. రోజూ పొద్దున్నించీ సాయంత్రం దాకా ఒకరినొకరు దెప్పుకునే ఇద్దరిలో ఒకడు దెప్పకపోవడం మేస్త్రికి దెప్పడం కన్నా బరువుగా తోచింది.

"అనరా, ఏదో ఒకటి అను."

"ఏమనను మావయ్యా? వంతెన దాకా నడిపి బాగుందన్నది నేనే కదా. ఉక్కు బుష్షే ఇంకాస్త లావు చేసి దింపేద్దామా?"

"గోడ చూడు."

గోడ సంగతే అసలు సంగతి. మొదట ఆ రంధ్రం చుట్టూ ఏడు మిల్లీమీటర్ల గోడ ఉండేది. మొదటి మరమ్మత్తులో తొలిచాక, వెనక నూనె కాలవ పోయే చోట నాలుగే మిగిలింది. ఉక్కుతో బిగువు పెంచితే వేడిలో పట్టుకుంటుంది కానీ చల్లారితే గోడను పగలగొడుతుంది. అందుకని ఈసారి కంచు. కంచు కూడా అల్యూమినియమంత ఉబ్బదు గానీ, దాని వెనకాలే నడుస్తుంది, ఉక్కు కన్నా మెత్తన కనుక గోడను అంతగా నెట్టదు. కంచు బుష్షు, ఒక వెంట్రుక బిగువు, తిరక్కుండా అంచులో చిన్న మేకు. రంధ్రాన్ని పాత గీతలు పోయేంత మేర ఒక్కసారి తొలవాలి. ఆ ఒక్కసారిలో పనిముట్టు ఒరిగినా, మేకు చిల్లు కాలవలోకి దూసుకుపోయినా, కేసు పాత ఇనపకొట్టుకే. ఇంకో కేసు లేదు.

"ఒక వెంట్రుకా?" అన్నాడు మేనల్లుడు. "సగమని కదా నీ శాసనం?"

"శాసనం రాసినవాడు కొండెక్కలేదు."

శుక్రవారం సాయంత్రానికి రంధ్రం తొలిచాడు. ఊపిరి బిగబట్టి ఒక్కో పొరా తీస్తుంటే పక్కన మేనల్లుడు కూడా ఊపిరి బిగబట్టాడు. మేకు చిల్లు వేస్తున్నప్పుడు మాత్రం మేనల్లుడు చూడలేక టీ తెస్తానని బయటికి పోయాడు. టీ చల్లారాక తెచ్చాడు. చిల్లు కాలవకి మిల్లీమీటరున్నర ఇవతల ఆగింది.

వెంటనే కొలిచేసి బుష్షు చేసేయమని మేనల్లుడి తొందర. వేడినీళ్ళ తొట్టిలో కడిగిన కేసు ఇంకా వెచ్చగానే ఉంది. మేస్త్రి కొలవనన్నాడు. కేసునూ మైక్రోమీటరునూ కంచు కడ్డీనీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, కిటికీ మూసి ఇంటికి పోయాడు. "పొద్దుటికి ముగ్గురూ ఒకే ఒంటి వేడికొస్తారు. అప్పుడు అడుగుదాం." శనివారం పొద్దున మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ ఒకే అంకె వచ్చాక కడ్డీని లేతు మీదికి ఎక్కించాడు. మధ్యాహ్నానికి బుష్షు తయారైంది.

ఆ బుష్షును ఆయన ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో పైన మంచు గదిలో పెట్టాడు. దాని సంగతి ఆదివారం పొద్దున పాల కోసం ఫ్రిజ్ తీసిన భార్యకి తెలిసింది.

"ఏవండోయ్! బఠాణీల మధ్య ఈ ఇత్తడి గొట్టమేంటి?"

"ఇత్తడి కాదు, కంచు. ముట్టుకోకు, నీ చేతి వేడి తగులుతుంది."

"నా చేతి వేడే! ముప్పై ఏళ్ళు కాపరం చేశాక నా చేతి వేడి పనికిరాకుండా పోయిందా?"

"ఇవాళ ఒక్కరోజుకే. సోమవారం నుంచి పనికొస్తుంది."

"దాన్ని మాత్రం చంటిబిడ్డలా గుడ్డలో చుట్టి పడుకోబెట్టారు. నేను తుమ్మితే అటు తిరిగి పడుకుంటారు" అని ఆవిడ పాలు తీసుకుని తలుపు వేసింది. అయినా ఆయన బయల్దేరేటప్పుడు, కాఫీ పోసే ఫ్లాస్కును ఆవిడే మంచు ముక్కలతో నింపి బుష్షును అందులోకి జారవిడిచింది. చేతికి గుడ్డ చుట్టుకుని మరీ.

షెడ్డు పక్కన రంగులు వేసే దుకాణంలో రంగు ఆరబెట్టే పొయ్యి గది ఉంది. రంగులాయన ఆదివారం పూట సణుక్కుంటూనే తాళం తీశాడు. కేసు అందులో గంటన్నర ఉండి నూట యాభై డిగ్రీలకి వచ్చింది. తోలు తొడుగులు వేసుకుని మేనల్లుడు దాన్ని బయటికి తెచ్చి నేల మీద పెట్టగానే, మేస్త్రి ఫ్లాస్కు మూత తీసి, బుష్షును చిటికెలో తుడిచి, మేకు గాడిని కేసు మీద ముందే గీసుకున్న గీతకి ఎదురుగా పట్టుకుని వదిలాడు.

ఒక చిన్న చప్పుడు. గ్లాసు బల్ల మీద పెట్టినంత.

"దిగిందా?" అన్నాడు రంగులాయన.

"మాట్లాడకు" అన్నారు ఇద్దరూ. పది అంకెలు లెక్కపెట్టేలోపు వేడీ చలీ ఒకదాన్నొకటి అందుకుంటాయి. ఆ తర్వాత దాన్ని జరపడం ఎవరి తరమూ కాదు. మేస్త్రి వంగి టార్చిలైటు వేసి చూశాడు. చిల్లూ నూనె దారీ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. గాడిలో మేకు కూర్చుంది. గోడ మీద పగుళ్ళు లేవు. చల్లారేదాకా పక్కనే కూర్చుని, చల్లారాక మళ్ళీ వెతికాడు. అప్పుడూ లేవు. బిగువుకి బుష్షు లోపలి వైపు కాస్త ముడుచుకుంది. అలా ముడుచుకుంటుందని తెలిసే ఆయన లోపలి కొలతను ఆఖరికి అట్టేపెట్టాడు. దాన్ని నునుపు చేసి కొలతకి తెచ్చేసరికి సాయంత్రమైంది.

మిగతాది మేనల్లుడి పని. పళ్ళేలూ రింగులూ డ్రమ్ములూ ఒక్కొక్కటీ కూర్చి, సోమవారం తెల్లారగానే వచ్చి గేరుబాక్సును కారుకి ఎక్కించాడు. నూనె పోసి తుడిచేసరికి ఏడున్నర. నర్సమ్మ అప్పటికే సంచీ కర్రా పట్టుకుని గేటు దగ్గర ఉంది. ఎనిమిదింటికి పెద్ద నర్సును ఆఫీసు దగ్గర ఎక్కించుకోవాలి. వంతెన దాకా వెళ్ళి రావడానికి మాత్రమే టైముంది. మేనల్లుడు వెళ్ళి వచ్చాడు.

"వెన్నలా..." అనబోయి ఆగిపోయాడు. "ఎప్పట్లాగే ఉందక్కా."

మేస్త్రి కారు కిటికీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, అబద్ధం చెప్పను. వేడిలో చూడలేదు. చూడ్డానికి టైము చాల్లేదు. లెక్క మాత్రం ఉంది."

"పోయినసారీ లెక్కే కదండీ ఉన్నది?"

"పోయినసారి సగం లెక్క."

ఆమె ఆయన మొహంకేసి చూసింది. "పక్క సీట్లో పెద్ద నర్సు, వెనక సామాను. మీకు చోటు లేదు, లేకపోతే మీ లెక్కతో పాటు మిమ్మల్నీ ఎక్కించేదాన్ని. సరే. ఆగితే నేను ఫోను చెయ్యక్కర్లేదు, ఎలాగూ మధ్యాహ్నానికి రికార్డుల గదిలో ఉంటాను. ఆగకపోతే పనిలో ఉంటాను. మీరూ చెయ్యకండి."

కారు మలుపు తిరిగింది.

ఆ పూట మేస్త్రి చేసిన పని అంతంతమాత్రం. ఒక పంపు ఇరుసును లేతు మీద చెక్కి, వెంట్రుక మేర ఎక్కువ తీసేసి, దాన్ని చూసి తనే ఆశ్చర్యపోయి పక్కన పెట్టాడు. పదిన్నరకి గడియారం చూశాడు. పదకొండుకి చూశాడు. మధ్యలో ఒకసారి మేనల్లుడు వచ్చి, "ఈపాటికి ఆరో ఇల్లు దాటి ఉంటుంది" అన్నాడు. "తొమ్మిదోది దాటాలి" అన్నాడు మేస్త్రి. ఇంకో అరగంటకి మేనల్లుడు మళ్ళీ వచ్చి బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. ఉన్నిగుడ్డ మీద చెయ్యి వేసినా మేస్త్రి ఏమీ అనలేదు.

"చేసెయ్ మావయ్యా."

"వద్దంది కదరా."

"తిడితే తిడుతుంది. తిట్టిందంటే కొండ మీదున్నట్టు."

పన్నెండుంపావుకి మేస్త్రి ఫోను చేశాడు. చాలాసేపు మోగింది. ఎత్తింది నర్సమ్మ కాదు, ఎవరో చిన్నవయసు గొంతు.

"హలో, ఎవరండీ? నర్సమ్మ గారు మా అత్తయ్యకి కట్టు కడుతున్నారండీ, చేతులకి గ్లౌజులున్నాయి. ఫోను నన్ను ఎత్తమన్నారు."

"నేను గేరుబాక్సు షెడ్డు నుంచమ్మా. మీ ఇల్లెక్కడ?"

"పైవీధి చివరండీ, నీళ్ళ ట్యాంకు దగ్గర. ఇంక మాపైన ఇళ్ళు లేవు." లోపలికి తిరిగి ఎవరితోనో ఏదో అంది. లోపల్నుంచి నర్సమ్మ గొంతు, ఎవరినో కదలొద్దని కసురుతూ వినిపించింది. దాని వెనక ఇంకో ఆడగొంతు, నెమ్మదిగా, పెద్దరికంగా, కత్తెర అందిస్తానంటోంది.

మేస్త్రి ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. "మరి... కారు?" అన్నాడు.

"కారు మా వాకిట్లోనే ఉందండీ. ఎక్కించి పెట్టారు. ఏం, ఎవరికైనా అడ్డమా? తియ్యమని చెప్పమంటారా?"

"అడ్డమేం లేదమ్మా" అన్నాడు మేస్త్రి. "ఉండనివ్వండి."